కొత్త అభ్యర్థి జేబులో ఏముంది?

సూళ్లూరుపేటలోని ఆ పెద్ద తెర సంగతి తెలియని సినీ అభిమాని ఉంటాడా? 2019లో తెరుచుకున్న వి ఎపిక్ థియేటరు అది. తెర వెడల్పు 100 అడుగులకు పైమాటే. పెద్ద హీరో సినిమా రిలీజైందంటే చాలు, ఇటు నెల్లూరు నుంచీ అటు చెన్నై నుంచీ కుర్రకారు కట్టగట్టుకుని వచ్చి వాలిపోతుంది. ఈలలు, కాగితపు ముక్కలు, కొబ్బరికాయలు... ఆ సందడే వేరు!

అక్కణ్ణించి తూర్పుకు తిరిగితే పులికాట్ సరస్సు. అక్కడ ఈలలుండవు. రాయదొరువు దగ్గర సముద్రానికీ సరస్సుకూ మధ్యనున్న దారి ఇసుకతో పూడుకుపోతే, ఉప్పునీళ్లు లోపలికి రావు. నీళ్లు రాకపోతే చేపా రాదు, రొయ్యా రాదు. వలవేసే మనిషి ఖాళీ పడవతో ఇంటికొస్తాడు. ఆ దారి తెరిపించండయ్యా అని అక్కడి జాలర్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

ఒకవైపు తెర, ఇంకోవైపు పూడుకుపోయిన దారి. ఈ రెంటికీ మధ్యలో ఐదేళ్లకోసారి ఒక కొత్త ముఖం వచ్చి నిలబడుతుంది. మెడలో కండువా, రెండు చేతులూ జోడించి నమస్కారం, వెనకాల డప్పులు. ‘నన్ను గెలిపించండి’ అంటుంది. సరే, గెలిపిస్తాం. గెలిచాక మొదట చేసే పనేమిటి? రెండోది? మూడోది? ఆ కొత్త ముఖం జేబులో అలాంటి కాగితం ఒకటుందా లేదా? ఇదీ మన ప్రశ్న.

ఇది ఊరికే అడుగుతున్నది కాదు. 2024 మే 13న జరిగిన శాసనసభ ఎన్నికల్లో కావలి నుంచి తడ దాకా ఉన్న తీరంలో కావలి, కోవూరు, సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, ఈ ఐదు నియోజకవర్గాల తీర్పు చూడండి. కావలిలో కావ్య కృష్ణారెడ్డి, కోవూరులో వేమిరెడ్డి ప్రశాంతిరెడ్డి, సూళ్లూరుపేటలో నెలవల విజయశ్రీ గెలిచారు. ముగ్గురూ శాసనసభకు కొత్తవారే! ఐదింట మూడు కొత్త ముఖాలంటే చిన్న విషయమేం కాదు. ఈ వ్యాసం వాళ్లను పొగడ్డానికీ కాదు, తెగడ్డానికీ కాదు. తొలిసారి నిలబడేవాళ్లెవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, వాళ్ల జాబితా ఎలా ఉండాలో చూద్దామని.

వెండితెర నుంచి వేదిక మీదకి

తొలిసారి అభ్యర్థుల కథలు సినిమా వాళ్లకు కొత్తా? తడ దాటితే తమిళనాడే కదా, ముందు అక్కడి సంగతి చెప్పుకుందాం. 1967లో ఎం.జి.ఆర్. మద్రాసు పక్కనున్న సెయింట్ థామస్ మౌంట్ నుంచి తొలిసారి శాసనసభకు పోటీ చేశారు. ఆ జనవరిలోనే ఎం.ఆర్. రాధా చేతిలో తుపాకీ దెబ్బ తిని ఆసుపత్రిలో ఉన్నారు. ప్రచారానికి రాలేదు. మెడకు కట్టుతో ఉన్న ఆయన ఫొటో మాత్రం ఊరూరా తిరిగింది. ఆసుపత్రి మంచం మీద నుంచే గెలిచారు. ఆ గెలుపులో జాబితా కంటే జాలీ, అభిమానమే ఎక్కువ పనిచేశాయంటే తప్పులేదేమో.

మన ఎన్టీఆర్ దారి వేరు. 1949లో ‘మనదేశం’ చిత్రంతో ఆయన తెరకెక్కింది చిన్న పోలీసు అధికారి వేషంలో. రాజకీయాల్లో మాత్రం మొదటి వేషమే కథానాయకుడిది! 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టారు. పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చారు. కొడుకు హరికృష్ణ స్టీరింగు పట్టుకుంటే, తండ్రి పైకెక్కి మాట్లాడుతూ రాష్ట్రమంతా చుట్టేశారు. 1983 జనవరి 5న పోలింగు. గుడివాడ, తిరుపతి, రెండు చోట్లా నిలబడి రెండు చోట్లా గెలిచారు. జనవరి 9న ముఖ్యమంత్రి! పార్టీ పుట్టి పది నెలలు కూడా నిండలేదు.

అదంతా రాముడు, కృష్ణుడు వేషాల మహిమే అని తేల్చేసేవాళ్లున్నారు. కొంత నిజమే. కానీ ఆ రోజుల్లో సభకు వెళ్లొచ్చిన ముసలమ్మను ‘ఏం చెప్పాడవ్వా?’ అని అడిగితే, ఆమె నోట తడుముకోకుండా వచ్చే మాట ఒకటుండేది. కిలో బియ్యం రెండు రూపాయలకిస్తానన్నాడని! అదీ కిటుకు. అంకె ఉంది. సరుకు ఉంది. ఎవరికి అందుతుందో తెలుసు. చదువు రాని మనిషి కూడా ఇంటికెళ్లి పక్కింటావిడకు తు.చ. తప్పకుండా చెప్పగలదు. అధికారం వచ్చిన 1983లోనే ఆ పథకం మొదలైంది కూడా.

తొలిసారి నిలబడేవాళ్లకు ఇది మొదటి పాఠం. ముప్పై పేజీల మేనిఫెస్టో కన్నా ముసలమ్మ గుర్తుపెట్టుకునే ఒక్క మాట మేలు.

జనం వచ్చారు, ఓట్లు రాలేదు

అలాగని జనాన్ని చూసి మురిసిపోతే ఏమవుతుందో కూడా మన తారలే చూపించారు. 2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీని ప్రకటించినప్పుడు ఆ జనసముద్రాన్ని చూసినవాళ్లు ఇంకేముంది, పీఠం ఖాయమనుకున్నారు. 2009లో వచ్చినవి 18 సీట్లు. మెగాస్టార్ తిరుపతిలో గెలిచారు గానీ, సొంత ప్రాంతంలోని పాలకొల్లులో ఓడిపోయారు.

నెల్లూరులో చదువుకున్న పవన్ కల్యాణ్ సంగతి మరీ విచిత్రం. 2019లో తొలిసారి అభ్యర్థిగా భీమవరం, గాజువాకల్లో నిలబడి రెండు చోట్లా ఓడారు. సభలకు జనం రాలేదా అంటే, ఇసుక వేస్తే రాలనంత జనం! ఐదేళ్లు తిరిగేసరికి, 2024లో పిఠాపురంలో 70 వేలకు పైగా మెజారిటీ. పార్టీ పోటీ చేసిన 21 సీట్లకు 21 గెలిచింది.

ఈ గెలుపోటములకు పొత్తులనీ, గాలి అనీ సవాలక్ష కారణాలు చెబుతారు. ఒకటి మాత్రం ఖాయం. టిక్కెట్టు కొన్న జనమూ, ఓటేసే జనమూ ఒకళ్లే అయినా, లెక్క మాత్రం ఒకటి కాదు. సినిమా బాగోకపోతే పోయేది ఆ ఒక్క ఆట టిక్కెట్టు డబ్బులే. అభ్యర్థి బాగోకపోతే ఐదేళ్లు పోతాయి!

నేల క్లాసు రాసిన స్క్రిప్టు

ఇక్కడే నెల్లూరు జిల్లాకు ఒక గొప్ప చరిత్ర ఉంది. ఈ తరం కుర్రాళ్లలో చాలామందికి తెలియదు గనక చెప్పాలి.

ఈ జిల్లా సినిమాకు ఇచ్చినవాళ్లను మనం ఇట్టే చెప్పేస్తాం. సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ, కావలిలో పుట్టిన రాజనాల, నెల్లూరు రమణారెడ్డి, వాణిశ్రీ, గానగంధర్వుడు బాలు... కానీ ఈ జిల్లా రాష్ట్ర రాజకీయాలకే ఒక స్క్రిప్టు రాసిచ్చింది. రాసినవాళ్లు పేరున్న రచయితలు కారు. అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న పల్లెటూరి ఆడవాళ్లు!

1991 ప్రాంతంలో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగింది. రాత్రి బడిలో చదివిన పాఠాల్లో ఒకటి, ఊళ్లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం పలక మీద ఆగలేదు. రోశమ్మ మొదలైన ఆడవాళ్లు కొంగు బిగించి తమ ఊరి దుకాణాన్నే మూయించారు. అది ఊరి నుంచి ఊరికి పాకింది. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు పెడితే ఆడవాళ్లు అడ్డుపడ్డారు. పాట వాయిదా... మళ్లీ వాయిదా! అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి సొంతూరు ఎక్కడో తెలుసా? ఈ తీరంలోని వాకాడే. ముఖ్యమంత్రి సొంత జిల్లాలోనే పాట సాగని పరిస్థితి!

కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా బంద్. అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా బంద్. ఆడవాళ్ల గొంతు ఎంత దూరం వెళ్లిందంటే, ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం చేస్తానని మాటిచ్చి 1994 ఎన్నికలకు వెళ్లారు. ఘనవిజయం సాధించి, డిసెంబరు 12న ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. 1983లో నాయకుడు ఒక మాట చెబితే జనం విన్నారు. 1994లో జనం ఒక మాట చెబితే నాయకుడు విన్నాడు. ఆ ఆడవాళ్లు అడిగింది పదవి కాదు. అయినా రాష్ట్రం మొదటి పని ఏమిటో నిర్ణయించింది వాళ్లే!

కథ అక్కడితో శుభం కాలేదు సుమా. నిషేధంతో ఖజానాకు రాబడి పడిపోయింది, దొంగసారా, సరిహద్దు దాటొచ్చే సీసాలు పెరిగాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. రెండు రూపాయల బియ్యం కూడా 1996లో మూడున్నర రూపాయలైంది. రెండింటా ఎదురైన ప్రశ్న ఒక్కటే: డబ్బు ఏదీ? మాటిచ్చేటప్పుడే దాని పక్కన ఖర్చు ఎంతో, ఎక్కణ్ణించి తెస్తారో రాసుకోకపోతే, మంచి మాట కూడా నిలవదు. ఇది రెండో పాఠం.

తీరం చెప్పే నాలుగు పనులు

ఇంతకీ ఈ తీరంలో కొత్త అభ్యర్థి కాగితం మీద ఏముండాలి? 160 కిలోమీటర్లకు పైనున్న తీరం ఇది. ఇక్కడి జనాన్ని ఏళ్ల తరబడి వేధిస్తున్నవి వరసగా రాస్తే నాలుగు తేలతాయి.

మొదటిది వేట. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ పొయ్యి వెలగాలి కదా! అందుకిచ్చే భృతి 2019లో 10 వేల రూపాయలైంది, 2025లో 20 వేలకు పెరిగింది. సంతోషం. మరి ఆ డబ్బు నిషేధం మొదలయ్యేసరికి చేతికొస్తుందా, అయిపోయాకా? పడవెక్కే మగాళ్ల పేర్లు జాబితాలో ఉంటాయి. గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడమనిషికి కూడా ఆ రెండు నెలలూ బేరం లేదే, ఆమె సంగతేమిటి?

దీనికే జతగా రేవు. బోగోలు మండలం జువ్వలదిన్నెలో చేపల రేవుకు 2020 నవంబరు 21న శంకుస్థాపన జరిగింది. సుమారు 288 కోట్ల రూపాయల పని. రేవంటే రాళ్లగోడ ఒక్కటే కాదు. ఐసు, డీజిలు, వేలంపాటల షెడ్డు, సరుకు పాడుకాకుండా దాచే గది, లారీ తిరిగే రోడ్డు, ఇవన్నీ ఉంటేనే అది రేవు. ఇక పక్క రాష్ట్రం నుంచి పెద్ద ఇంజన్ల బోట్లు వచ్చి మన పడవల వలలు తెంపుకుపోతున్నాయన్న తగాదా పాతదే. సముద్రం మీద నిఘా పెట్టకుండా ఒడ్డున ఎన్ని పంచాయతీలు చేసినా అది తేలదు.

రెండోది నీళ్లు. 1990ల మొదట్లో ఈ తీరంలో రొయ్య అంటే బంగారం. పొలాలు గుంటలయ్యాయి. 1994లో వైరస్ తెగులు వచ్చి ఒక్క దెబ్బకు ఎంతోమందిని ముంచేసింది. చెరువుల ఉప్పునీళ్లు తాగునీటి బావుల్లోకి చేరుతున్నాయన్న గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996 డిసెంబరు 11న తీరంలో రొయ్యల చెరువులపై పెద్ద తీర్పు వచ్చింది. 2005లో పార్లమెంటు వాటికోసం ప్రత్యేక చట్టమే చేసింది. అయినా గుంట యజమాని ఒక మాట, బిందె పట్టుకున్న ఆడమనిషి ఒక మాట. ఇద్దరివీ ఓట్లే! కొత్త అభ్యర్థి ధైర్యం తెలిసేది ఇక్కడే. గుంట దగ్గర ఒక డైలాగు, బావి దగ్గర ఇంకో డైలాగు చెప్పేవాణ్ణి నమ్మకండి. ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టి ఒకే మాట చెప్పేవాణ్ణి చూడండి. అన్నట్టు, తెలుగుగంగ పేరుతో ఈ జిల్లాలోని కండలేరు నుంచి 1996లో నీళ్లు తమిళనాడు సరిహద్దు చేరాయి. పొరుగువాళ్ల దాహం తీర్చడం మంచిదే. అదే జిల్లాలో తీరాన ఉన్న ఊరు వేసవిలో టాంకరు కోసం ఎదురుచూస్తే మాత్రం బాగుండదు కదా!

మూడోది తుపాను, వరద. 1927లో నెల్లూరు తుపాను. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను. 2004 డిసెంబరు 26న సునామీ. 2021 నవంబరులో పెన్న పొంగితే కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. ఈ జిల్లాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. అంటే ముంపు ఎప్పుడొస్తుందో ముందే తెలుసు! అయినా నీళ్లొచ్చాక పులిహోర పొట్లాలు పంచే నాయకుణ్ణి మనం మెచ్చుకుంటాం. సెప్టెంబరులోనే కట్టలు చూసి, కాలవలు తీయించి, తుపాను షెల్టరు తలుపుకు తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగేవాడికి ఫొటోలు పడవు. పడాల్సింది అతనికే.

నాలుగోది ఉద్యోగం. ఇది మీ సంగతే! కృష్ణపట్నం రేవు 2008లో మొదలైంది. రామాయపట్నం రేవుకు 2022లో శంకుస్థాపన జరిగింది. శ్రీహరికోట నుంచి 1971లోనే రాకెట్టు ఎగిరింది. ఇన్ని ఉన్న తీరంలో కుర్రాడు బస్సెక్కి చెన్నై పోయి పని వెతుక్కుంటున్నాడంటే ఎక్కడో లింకు తెగింది. పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకే అని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. చట్టం చేస్తే సరా? క్రేను నడపడం, వెల్డింగు, ఫ్రిజ్ గదుల మరమ్మతు నేర్పే బడి దగ్గర్లో ఉండాలి. భూమి ఇచ్చిన ఊరి కుర్రాడికి అందులో సీటుండాలి.

ఎమ్మెల్యే చేతిలో ఏముంది?

ఇక్కడ ఒక హెచ్చరిక. సినిమాలో హీరో ఒక్క ఫోను కొడితే కలెక్టరు పరుగెత్తుకొస్తాడు. నిజంలో ఎమ్మెల్యే అంటే 175 మందిలో ఒకరు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల దాకానే చేపలవేట మీద రాష్ట్రం చట్టం నడుస్తుంది. ఆపైన కేంద్రానిది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే రొయ్య రైతు విలవిలలాడాడు. దాన్ని మన ఎమ్మెల్యే ఆపగలరా? లేరు. ఆపుతానంటే అది అబద్ధం.

మరి ఏం చేయగలరు? సభలో ప్రశ్నల గంట ఉంది. బడ్జెటు మీద మాట్లాడే హక్కు ఉంది. భృతి ఆలస్యమైతే మంత్రిని నిలదీయొచ్చు. రేవులో ఐసు ప్లాంటు ఎందుకు ఆగిందో ఫైలు అడగొచ్చు. ఇవి చప్పట్లు పడే సీన్లు కావు గానీ, పని జరిగేది ఇక్కడే. అందుకే కొత్తవాళ్లు తమ కాగితాన్ని రెండుగా మడవాలి. ఒక సగంలో ‘నేను చేయగలిగేవి’. రెండో సగంలో ‘నేను అడగగలిగేవి’. ఈ రెంటినీ కలిపేసి అన్నీ నేనే చేస్తానంటే, అది త్రిపాత్రాభినయం!

ఇక మీ వంతు

శాసనసభకు నిలబడాలంటే 25 ఏళ్లు నిండాలి. డిపాజిట్టు 10 వేల రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు గోవిందా! కానీ ఓటెయ్యడానికి పైసా అక్కర్లేదు. 1989 నుంచి 18 ఏళ్లు నిండితే చాలు. ఈ పత్రిక చదివే మీలో చాలామంది ఆ వయసు వాళ్లే కదా?

మొదటి రోజు మొదటి ఆటకు మీరు ఎంత లెక్కగా పోతారో నాకు తెలుసు. డైరెక్టరు ఎవరు, ఇంతకుముందు ఏం తీశాడు, పాటలెలా ఉన్నాయి, టాకేమిటి, అన్నీ విచారించాకే టిక్కెట్టు తీస్తారు. రెండు మూడు గంటల బొమ్మకే ఇంత ఆరా తీసేవాళ్లు, ఐదేళ్ల బొమ్మకు కటౌట్ చూసి ఓటేస్తే ఎలా?

ఈసారి మీ వీధిలోకి కొత్త అభ్యర్థి వస్తే దండ వేయండి, తప్పులేదు. సెల్ఫీ కూడా దిగండి. దిగాక నిదానంగా మూడు ప్రశ్నలడగండి. అయ్యా, లేకపోతే అమ్మా, గెలిచాక మొదటి మూడు పనులు చెప్పండి. వాటికి డబ్బెక్కడిదో చెప్పండి. ఈ జాబితా రాసేముందు రేవులో ఎవరితో మాట్లాడారో చెప్పండి.

జేబులోంచి కాగితం తీసి చదివితే సరే. పక్కనున్న అనుచరుడి మొహం చూస్తే మాత్రం, ఆ సినిమాకి ఇంకా స్క్రిప్టు కాలేదన్నమాట. అప్పుడేం చేయాలంటారా? దూబగుంట ఆడవాళ్లు చేసిన పనే. స్క్రిప్టు మీరే రాసి చేతికివ్వండి!